ఉత్తరంలో నేను

గౌరయ్య చీపురుపుల్లను నీళ్లలో ముంచి రష్యా నుంచి వచ్చిన మట్టి పిట్ట ఈల తోకలోని బొక్కలోంచి తవుడు దుమ్ము తీశాడు. ఊది చూస్తే గురకలాంటి చప్పుడు వచ్చింది. మళ్లీ పుల్ల తిప్పి ఊదాడు. ఈసారి సన్నగా పలికింది. దాన్ని అరలో పెట్టి మెక్సికో తాబేలును చేతిలోకి తీసుకున్నాడు.

మిరియాలగూడలో మిల్లు గోడకు ఆనుకుని ఉన్న ఆ కిరాయి గదిలో తవుడు పడని చోటు లేదు. కిటికీకి గోనెపట్టా కట్టినా ఆగదు. అందుకే డ్యూటీకి పోయేముందు రోజూ నాలుగైదు ఈలలు తుడుస్తాడు. మొత్తం నలభై మూడు. అన్నీ మట్టివే, ఎక్కడెక్కడి పల్లెల్లోనో చేత్తో చేసినవే. పోర్చుగల్ కోడిపుంజు ఉంది, జపాన్ పావురం ఉంది, పెరూ నుంచి వచ్చిన, ఒంటెకూ గొర్రెకూ మధ్యలో ఉండే ఏదో జంతువు కూడా ఉంది.

అతనికి యాభై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లుగా అదే మిల్లులో కాటా వేస్తున్నాడు. బస్తా ఎక్కించడం, తూకం చూడటం, అంకె అరవడం. ఎప్పుడో తూకం ఇనుపరాయి పడి ఎడమచేతి బొటనవేలి గోరు నల్లబడింది, ఆ నలుపు మళ్లీ పోలేదు. భార్య చనిపోయి తొమ్మిదేళ్లయింది. పిల్లలు లేరు. మిల్లులో ఎవరినడిగినా అతని గురించి రెండే మాటలు చెబుతారు: తూకంలో మోసం చెయ్యడు, ఎక్కువ మాట్లాడడు.

తల్లి రామనర్సమ్మ పాలకీడులో కుండలు చేయగా మిగిలిన మట్టితో పిట్ట ఈలలు చేసి జాతరల్లో అమ్మేది. ఆమె చనిపోయిన ఏడాది, అంటే ఇరవై ఏళ్ల కిందట, గౌరయ్యకు ఆరో తరగతి దాకా ఇంగ్లిషు చెప్పిన శ్యాంసుందర్ సార్ పేపర్లో ఒక చిన్న వార్త చదివి వినిపించాడు. పోర్చుగల్‌లో మరియా అనే ఆవిడ దేశదేశాల మట్టి ఈలలు పోగుచేస్తోందట, ఒకటి పంపితే ఒకటి పంపుతుందట. గౌరయ్య తల్లి చేసిన పిట్టను దూదిలో చుట్టి పంపాడు. రెండు నెలలకు కోడిపుంజు వచ్చింది. తర్వాత ఆమె చెప్పిన చిరునామాలు, వాళ్లు చెప్పిన ఇంకొన్ని చిరునామాలు. తల్లి దగ్గర నేర్చిన పనే కనుక పిట్టలు తనే చేసి కాల్చి పంపేవాడు.

ఇంగ్లిషు రాదు కనుక ఉత్తరాలు సార్ రాసేవాడు. పార్సిళ్లు కూడా కోదాడలో సార్ ఇంటికే వచ్చేవి. నెలకోసారి గౌరయ్య వెళ్లి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుని చెప్పేవాడు.

"నేను మా అమ్మ కాడ నేర్సుకున్న అని రాయుండ్రి సార్. ఈ మట్టి మా వాగుదని రాయుండ్రి."

సార్ తలూపుతూ రాసేవాడు.

తాబేలు ఇంకా చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. సార్ భార్య కరుణమ్మ.

"పార్సిల్ వచ్చింది గౌరయ్యా. పుస్తకంలా ఉంది. సార్‌కి ఒంట్లో ఏం బాగుండట్లేదు, ఒకసారి వచ్చిపో."

పూట సెలవు అడిగి బస్సెక్కాడు.

సార్ దిండ్లకు చేరగిలబడి ఉన్నాడు. గుండె నీరసించి కాళ్లు వాచాయి. కరుణమ్మ కత్తెరతో పార్సిల్ విప్పింది. లోపల లావుపాటి రంగుల పుస్తకం, అట్ట మీద మరియా పేరు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, "ఇదిగో, మనదే!" అంది.

పేజీ నిండా మట్టి ఈలలు. గౌరయ్య వాటి కింద పరిచిన తన పువ్వుల దుప్పటిని గుర్తుపట్టాడు. రెండేళ్ల కింద సార్ గదికొచ్చి ఫోన్‌తో తీసిన ఫొటో అది. ఎదుటి పేజీలో నవ్వుతూ సార్, అరచేతిలో ఒక పిట్ట.

కరుణమ్మ చదివి తెలుగులో చెప్పసాగింది. "కోదాడకు చెందిన శ్యాంసుందర్ గారు ఇరవై ఏళ్లుగా సేకరించినవి ఇవి. ఈలలు చేయడం ఆయన తన తల్లి దగ్గర నేర్చుకున్నారు. ఊరి వాగు మట్టితో ఆమె..." అని ఆగిపోయింది. "మా అత్తయ్య ఈలలు చెయ్యడమేంటండీ?"

సార్ కళ్లు మూసుకున్నాడు.

గౌరయ్య ఫొటో మీదికి వంగాడు. దుప్పటి కొస లేవకుండా పట్టుకున్న రెండు వేళ్లు పేజీ అంచున పడ్డాయి. వాటిలో ఒకదాని గోరు నల్లగా ఉంది.

"నేను అని నేను చెప్తుంటే, మీరు ఎవర్ని రాసిండ్రు సార్?"

సార్ కళ్లు తెరిచాడు. "మొదటి ఉత్తరంలో నా సంతకం పెట్టాను గౌరయ్యా. ఏదో అలా పెట్టేశాను. తర్వాత మార్చడం కుదరలేదు. అయినా నువ్వే ఆలోచించు, మిల్లులో కాటా వేసేవాడు రాశాడంటే ఎవరన్నా జవాబిస్తారా?"

"ఇద్దురేమో సార్. మనం అడగలే గద."

"వచ్చిన ప్రతి ఈలా నీకే ఇచ్చాను. ఒక్కటి ఉంచుకోలేదు."

"ఈలలిచ్చిండ్రు. మా అమ్మను తీస్కున్నరు."

అతను గొంతు పెంచలేదు. లేచి చెప్పులు వేసుకున్నాడు. కరుణమ్మ పుస్తకం పట్టుకుని గేటు దాకా వచ్చింది.

"ఇది తీసుకెళ్లు గౌరయ్యా."

"అది సార్‌కు వచ్చింది గదమ్మా" అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. రోజంతా అంకెలు అరిచే తను, ఎక్కడో సముద్రాల అవతల ఉన్న మరియాకు పేరుతో సహా తెలుసనుకున్నాడు ఇరవై ఏళ్లూ. రామనర్సమ్మ కొడుకుగా తెలుసనుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు; చెప్పుకోవాల్సిన అవసరం కూడా కనిపించలేదు. ఆవిడకు తనసలు లేనే లేడు.

హుజూర్‌నగర్‌లో బస్సు ఆగి ఉండగా ఫోన్ వచ్చింది.

"సార్ పోయారు గౌరయ్యా." కరుణమ్మ అంతకంటే మాట్లాడలేకపోయింది.

బస్సు దిగి బెంచీ మీద కూర్చున్నాడు. కోదాడ బస్సులు రెండు వచ్చి వెళ్లిపోయాయి. మూడోది ఎక్కాడు.

చేరేసరికి సార్‌ను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. అప్పటికే చుట్టుపక్కలవాళ్లు పోగయ్యారు. గౌరయ్య కాళ్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు. దండం పెట్టడానికి చేతులు లేచాయి, సగంలో ఆగి కిందికి దిగాయి. కరుణమ్మ అతన్ని చూసి లోపలి గది వైపు చెయ్యి చూపింది.

"నువ్వెళ్లాక కూర్చోబెట్టమన్నారు. కాగితం అడిగారు. నేను టీ పెట్టి వచ్చేలోపే..."

గౌరయ్య గుమ్మం దగ్గరే ఆగి చూశాడు. ఖాళీ మంచం మీద అట్ట, అట్టకు క్లిప్పుతో పెట్టిన తెల్లకాగితం. దాని పైమూల ఆ రోజు తేదీ, కింద డియర్ మరియా అన్న రెండు మాటలు, ఒక కామా. మిగతా కాగితమంతా ఫ్యాన్ గాలికి లేస్తూ పడుతూ ఉంది.