హస్తవాసికి పరీక్ష

హస్తవాసి అనేది ఒకటుందని మన జనం గట్టిగా నమ్ముతారు. ఒకే మాత్ర ఒక డాక్టరు ఇస్తే జ్వరం దిగుతుందనీ, మరొకరిస్తే దిగదనీ చెబుతారు. ఒకామె కలిపిన ఆవకాయ ఏడాది నిలుస్తుందనీ, అవే పాళ్లతో పక్కింటామె కలిపితే నెలకే బూజు పడుతుందనీ చెబుతారు. జాడీలో తడి ఉండిపోయిందేమోనని మాత్రం ఎవరూ చూడరు. అనకాపల్లిలో త్రినాధరావు మిషన్ షాపులోకి కంప్యూటరు చెప్పినట్టు నడిచే సీఎన్‌సీ మిషన్ వచ్చిన తరువాత కూడా ఆ నమ్మకం అక్కడ కాలు చాపుకునే ఉంది.

అక్కడ హస్తవాసి ఎల్లారావుది. కశింకోట పక్క పల్లెవాడు, చేతి డ్రిల్లింగు మిషన్ లివరు పట్టి జుట్టు నెరిపించుకున్న మనిషి. కొత్త మిషన్ మీద పగటి షిఫ్టు అతనిది. సాయంత్రం షిఫ్టు గౌతమిది. మునగపాకలో చెరకు రైతు కూతురు, మెకానికల్ డిప్లొమా చదివింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ షాపులో మిషన్ ముట్టుకున్న మొదటి ఆడపిల్ల ఆమే.

అచ్యుతాపురం మందుల కంపెనీలకు వెళ్లే స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టులకు, సరిగ్గా నడుమ, పెన్సిలంత సన్నని రంధ్రం జానెడు లోతు తొలచాలి. ఎల్లారావు షిఫ్టులో రంధ్రాలు శుభ్రంగా దిగేవి. గౌతమి షిఫ్టులో సగం దాటాక డ్రిల్లు లోపలే విరిగేది. విరిగిన ముక్క బయటికి రాదు. షాఫ్టు మొత్తం తుక్కులోకి పోతుంది.

నిమ్మకాయలు మిషన్‌కి కాదు, గౌతమి చేతికి కట్టాలని లేతు మీద పనిచేసే చంటిబాబు అందరికీ వినపడేలా అన్నాడు. అందరూ నవ్వారు. ఎల్లారావు నవ్వలేదు, ఖండించనూ లేదు.

గౌతమి ప్రోగ్రాం చదివింది. లోతైన రంధ్రం తొలిచేటప్పుడు డ్రిల్లు కొంత దిగి, పూర్తిగా పైకి వచ్చి, కోసిన ఉక్కు చుట్టలను బయట పడేసి మళ్లీ దిగాలి. ఈ ప్రోగ్రాములో అది వెంట్రుకవాసి మాత్రం వెనక్కి జరిగి, మళ్లీ కిందికే పోతోంది. రంధ్రం లోతు తక్కువైతే ఇబ్బంది లేదు, సమయమూ కలిసివస్తుంది. జానెడు లోతులో మాత్రం ఉక్కు చుట్టలకు దారి దొరకదు. డ్రిల్లు వాటి మధ్య ఊపిరాడక విరుగుతుంది.

ప్రోగ్రాం రాసినవాడు త్రినాధరావు మేనల్లుడు దేవీప్రసాద్. గౌతమి చెప్పినదంతా ఫోను చూస్తూనే విని, ఒకే ప్రశ్న వేశాడు.

"అదే ప్రోగ్రాం, అదే డ్రిల్లు, అదే స్టీలు. ఎల్లారావు చేతిలో విరగనిది నీ చేతిలో ఎందుకు విరుగుతోంది?"

మనిషి ఎలాంటివాడైనా ప్రశ్న న్యాయమైనదే. ఎల్లారావు హస్తవాసి ఉన్నంతవరకు ప్రోగ్రాములో తప్పు ఉండే వీలు లేదు, తప్పంతా ఆమె చేతిదే.

జవాబు కోసం ఆమె షిఫ్టుకు ముందే వచ్చి, ఎల్లారావు పని చేస్తుండగా పక్కన నిలబడటం మొదలుపెట్టింది. అతను మిషన్ తలుపు అద్దంలోంచి చూడడు; చెవి అటు వేసి, కళ్లు గోడ మీద పెడతాడు. డ్రిల్లు సగం దిగి, చప్పుడు కాస్త ముతకబడగానే, అతని ఎడమ చెయ్యి వేగం తగ్గించే నాబ్ మీదికి పోయి రెండు గీతలు వెనక్కి తిప్పేది. పాత మిషన్ లివరు మీద పట్టు సడలించినట్టే. డ్రిల్లు నెమ్మదించేది, ఉక్కు చుట్టలు సన్నబడి డ్రిల్లును చల్లబరిచే కూలెంటు నీళ్లతో పైకి కొట్టుకువచ్చేవి. ఆ నాబ్ నూరు శాతం మీద నుంచి కదపరాదని దేవీప్రసాద్ కాగితం అంటించి పెట్టాడు. గౌతమి దాన్ని పాటించేది. ఒక్క నిమిషం ఎక్కువ పట్టినా ఆ ఆలస్యం ఆమె పేరిట పడుతుంది. ఎల్లారావు పాటిస్తున్నాడా లేదా అని చూసినవారు లేరు.

ఆమె అతన్నే అడిగింది. "మావయ్యా, మధ్యలో నాబ్ తిప్పుతున్నారు కదా?"

"నానేటి తిప్పుతానమ్మీ? సెయ్యేత్తాను, అదే దిగతాది."

అబద్ధం చెబుతున్నట్టు లేదు. తన చెయ్యి చేసే పని అతనికే తెలియదు. తెలిసినా, ఊరందరూ ఇచ్చిన పేరును ఒక నాబ్‌కు అప్పగించడానికి ఎవరు ఒప్పుకుంటారు?

మరో రెండు షాఫ్టులు పాడయ్యాక త్రినాధరావు తీర్పు చెప్పాడు. శనివారం తన ఎదుట ఎల్లారావు ఒక షాఫ్టు తొలుస్తాడు. డ్రిల్లు విరిగితే ప్రోగ్రాం మారుస్తారు. విరగకపోతే సోమవారం నుంచి గౌతమి రానక్కరలేదు.

ఆ ప్రోగ్రాములో ఒక లైను చేర్చితే, తొలిచేంతసేపూ మిషన్ నాబ్ మాట వినదు. ఎవరు ఎంత తిప్పినా రాసిన వేగంతోనే దిగుతుంది. శనివారం పొద్దున్న గౌతమి ఆ లైను చేర్చింది. ఎల్లారావుకు ముందే చెప్పాలా అని ఆలోచించింది. చెబితే అతను ఇంకేదో ఉపాయం పట్టుకుంటాడు, లేదా ఒంట్లో బాగాలేదంటాడు. పరీక్ష పరీక్షగా ఉండాలంటే పరీక్షింపబడేవాడికి తెలియకూడదు. ఆమె చెప్పలేదు.

చంటిబాబు లేతు ఆపి వచ్చి నిలబడ్డాడు. ఎల్లారావు మిషన్‌కు దణ్ణం పెట్టి బటన్ నొక్కాడు. సగం దాకా అంతా సవ్యంగా సాగింది. చప్పుడు ముతకబడింది. ఎడమ చెయ్యి నాబ్ మీదికి వెళ్లి రెండు గీతలు తిప్పింది. చప్పుడు మారలేదు. ఇంకో రెండు గీతలు తిప్పాడు. తరువాత చివరిదాకా తిప్పేశాడు. తల గోడ వైపు నుంచి మిషన్ వైపు తిరిగింది. లోపల డ్రిల్లు కీచుమని, టక్కున విరిగింది.

"నాబ్ పన్జెయ్యట్లేదు బాబూ," అన్నాడు ఎల్లారావు. "తిప్పుతుంటే తగ్గట్లేదు."

త్రినాధరావు అతని వైపు తిరిగాడు. "అయితే ఇన్నాళ్లూ నాబ్ తిప్పేవాడివా?"

ఎల్లారావు తన ఎడమ చేతిని చూసుకున్నాడు. అది ఇంకా నాబ్ మీదే ఉంది. తీసి తొడకు రాసుకున్నాడు.

గౌతమి తాను చేర్చిన లైను చూపించి, మొత్తం వివరించింది. దేవీప్రసాద్ ముందు ఆ లైనుదే తప్పన్నాడు, తరువాత డ్రిల్లు నాసిరకమన్నాడు. చివరికి డ్రిల్లు ప్రతిసారీ పూర్తిగా పైకి వచ్చేలా మార్చి, కొత్త షాఫ్టు ఎక్కించారు. గౌతమి నాబ్ ముట్టుకోకుండా తొలిచింది. రంధ్రం అద్దంలా దిగింది. అంతటితో ఊరుకోక త్రినాధరావు చంటిబాబును పిలిచి ఇంకొకటి తొలవమన్నాడు. చంటిబాబు ఆ మిషన్‌ను అంతకుముందు తాకి ఎరగడు. అదీ అంతే శుభ్రంగా దిగింది.

"అంటే బటన్ ఎవడు నొక్కినా ఒకటే అన్నమాట," అన్నాడు త్రినాధరావు. గౌతమి అవునంది. అది నిజం కాబట్టి అంది. ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో అనేశాక తోచింది.

సాయంత్రం షెడ్డు బయట ఎల్లారావు క్యారేజీ సంచీలో సర్దుకుంటున్నాడు. ఆమె దగ్గరికి వెళ్లి నిలబడింది.

"నాతో ఒక్క మాట సెప్పుంటే ఆడి కాయితం నానే సింపేసీవోడిని గదమ్మీ," అన్నాడు అతను తలెత్తకుండా. "ఇద్దరం తిప్పుకునీవోళ్లం."

"అడిగేను మావయ్యా. మీరు తిప్పట్లేదన్నారు."

"అడిగేవు. సెప్పలేదు."

షాపులో మాత్రం కథ ఇంకోలా నిలిచింది. గౌతమి పక్కన నిలబడి రోజూ అలా చూడబట్టే ఎల్లారావు హస్తవాసి పోయిందని చంటిబాబు టీ కొట్టు దగ్గర చెప్పాడు. విన్నవాళ్లు తలలూపారు. చంటిబాబు చేతిలో కూడా డ్రిల్లు విరగలేదు కదా అని గౌతమి అంటే, తన చెయ్యి కూడా మంచిదేనన్నాడు.

మారిన ప్రోగ్రాం దేవీప్రసాద్ పేరు మీద నడుస్తోంది. గౌతమి ఉద్యోగం ఖాయమైంది. పగటి షిఫ్టుకు ఐటీఐ పాసైన కుర్రాణ్ణి, ఎల్లారావుకు ఇచ్చేదానిలో సగానికి పెట్టుకున్నారు. ఎల్లారావును రావద్దన్నారు. ఆ తరువాత ఆ మిషన్ మీద డ్రిల్లు విరగలేదు.