చెప్పవలసిన సగం

అన్యాయం ఎవరికి జరిగింది? నా తమ్ముడి కూతురికి. ఎలా జరిగింది? ఆమె పలికిన ఒక్క మాటను అర్థం చేసుకోగలిగిన ఒకే ఒక్క మనిషి, ఆ గదిలోనే కూర్చుని ఉండి కూడా నోరు మెదపకపోవడం వల్ల జరిగింది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఎవరూ దేనినీ దొంగిలించలేదు. ఏ కోర్టూ ఇటువంటి దానిని విచారణకు తీసుకోదు. కనుక నేనే రాస్తున్నాను.

ఇంట్లో మేమందరం ఆ పిల్లను గువ్వ అనేవాళ్లం. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి, అంటే నా తమ్ముడు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. గువ్వ మా ఊళ్లోనే బిజినెస్ స్కూల్లో చదువుతూ ఉండగా, ఒక టర్ము విదేశంలో చదవడానికి ఎక్స్ఛేంజి విద్యార్థినిగా ఎంపికైంది. ఆ రోజు తమ్ముడు ప్రెస్సులో అందరికీ టీ ఇప్పించాడు. "ఇకమీదట మీ ప్రూఫులు కూడా ఇంగ్లీషులోనే దిద్దుతారేమో గురువుగారూ," అని మెషీన్‌మన్ వేళాకోళం చేస్తే, "నీ తప్పులకి ఏ భాషైనా ఒకటేలేవోయ్," అన్నాడట. అంత తేలికగా నవ్వే మనిషి అప్పట్లో.

అక్కడి స్కూలు వారు, బయటినుంచి వచ్చిన విద్యార్థులలో ఉత్తమంగా నిలిచిన ఒకరికి మిగిలిన చదువంతా ఉచితంగా అక్కడే పూర్తి చేసుకునే అవకాశం ఇస్తారు. ఒక్క సీటే. ఆశించినవాళ్లు చాలామంది.

గువ్వతో ఒకే గదిలో ఉన్న అమ్మాయి వేరే కాలేజీనుంచి వెళ్లింది, మన భాష పిల్లే. మనిషి పొడుగు. అందుచేత గువ్వ ఆమెను "పొడుగూ" అని పిలిచేది. ఇద్దరూ ఒకే కుక్కరులో వండుకున్నారు. ఒకరి స్వెట్టరు ఒకరు తొడుక్కున్నారు. ప్రాజెక్టుకు వేసిన గ్రూపులో కూడా ఇద్దరూ కలిసే పడ్డారు. మిగిలిన ముగ్గురూ ఆ దేశపు పిల్లలు.

ఆ గ్రూపుకు అప్పగించినది ఒక లాండ్రీ కంపెనీ. హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్తుంది. ప్రతి నెలా దుప్పట్లు తగ్గిపోతున్నాయి. వ్యాను డ్రైవర్లే అమ్ముకుంటున్నారని యజమాని నిశ్చయించుకుని, వాళ్లందరినీ తీసివేసే ఆలోచనలో ఉన్నాడు. గ్రూపులో అందరూ కంప్యూటర్ల ముందు కూర్చుని దొంగతనాన్ని అరికట్టే పథకాలు గీస్తున్నారు. గువ్వ మాత్రం తెల్లవారగానే బస్సెక్కి వెళ్లి లాండ్రీ వెనక గుమ్మం దగ్గర నిలబడేది. వ్యానులో కూర్చుని హోటళ్లన్నీ తిరిగింది. చివరికి తేలినది ఏమిటంటే, దుప్పట్లను ఎవరూ దొంగిలించడం లేదు. తోపుడు బండి చక్రాలలో పడి అంచులు చిరుగుతున్నాయి. చిరిగినవాటిని హోటలు పనివాళ్లు రెండుగా చింపి నేల తుడవడానికి వాడుకుంటున్నారు. గువ్వ వాళ్ల బకెట్లలోంచి ఆ ముక్కలను తీసి, ఉతికి, గదికి తీసుకువచ్చి పొడుగమ్మాయికి చూపించింది. గ్రూపు పేరుతో రిపోర్టు కూడా తానే రాసింది. పక్క మంచం మీద పడుకుని పొడుగమ్మాయి ఇదంతా చూసింది.

టర్ము ఆఖరున ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉంది. గ్రూపును ప్రొఫెసరు ముందు కూర్చోబెట్టి, ఎవరి పనిని వారిచేతనే చెప్పిస్తారు. ఆ మాటను బట్టే మార్కులు. ఒకరి మాటను మరొకరు సవరించవచ్చు కూడా.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి చెప్పాలి. మా ఇంట్లోనే కాదు, మన ఇళ్లన్నిటిలోనూ ఉన్నదే. ఒకరి పనిని మెచ్చుకుంటే, "అబ్బే, నాదేముందండీ, అంతా వీళ్లే," అంటారు. అది సగం మాట. మిగతా సగం పక్కవాళ్లు పూరించాలి: "అదేం మాట, చేసిందంతా తనేగా!" అని. మొదటి సగం అనడం మర్యాద. రెండవ సగం అనడం ధర్మం. రెండూ కలిస్తేనే అది నిజమవుతుంది.

గువ్వ వంతు వచ్చింది. లేచి నిలబడి, "నేను చేసిందేమీ లేదు సార్, అంతా మా గ్రూపే," అన్నది. అని, పొడుగమ్మాయి వైపు చూసింది.

ఆ దేశపు పిల్లలు ముగ్గురూ ఆ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. ప్రొఫెసరు రెండుసార్లు అడిగాడట, "నిజంగానే ఏమీ లేదా?" అని. పాపం, ఆయన తన పద్ధతిలో అవకాశం ఇచ్చాడు. గువ్వ చిరునవ్వుతో తల అడ్డంగా ఊపింది. ఇంకా పొడుగమ్మాయి వైపే చూస్తోంది. ఆమె తన పెన్ను మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ కూర్చుంది. తన వంతు రాగానే లాండ్రీకి వెళ్లినది "మేము" అని చెప్పింది.

సీటు పొడుగమ్మాయికి వచ్చింది. గువ్వ ఫలితాలలో, "పనిలో పాలుపంచుకోలేదు, స్వయంగా అంగీకరించింది," అని అచ్చువేసి పంపారు. ఇక్కడి కాలేజీ ఆ టర్మును లెక్కలోకి తీసుకోలేదు. మళ్లీ ఫీజు కట్టే స్తోమత లేక చదువు అక్కడితో ఆగిపోయింది.

నా తమ్ముడు జీవితమంతా అచ్చు తప్పులు దిద్దినవాడు. దిద్దుబాటు పూర్తయి అచ్చైపోయిన మాట అబద్ధం కాగలదని అతనికి తోచదు. ఆ కాగితం చదివి, మడిచి, కూతురితో మాట్లాడడం మానేశాడు. గువ్వ కూడా నోరు విప్పలేదు. నాతో ఒక్కసారి చెప్పుకుంది. "నాన్నకి చెప్పవే," అంటే, "ఎలా చెప్పను అత్తా? నేనే గొప్పదాన్నని నేనే చెప్పుకోనా?" అన్నది. నేను చెప్పబోతే తమ్ముడు వినలేదు. "మేనకోడలంటే నీకు ప్రాణం అక్కా. నువ్వలాగే చెబుతావు," అన్నాడు.

గువ్వ మందుల దుకాణంలో పద్దులు రాసే పనికి కుదిరింది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి ఊపిరితిత్తులు పాడైతే అన్నీ తానే చూసుకుంది. అతను మాత్రం నా వైపు తిరిగి, "అక్కా, కిటికీ వెయ్యమని చెప్పు," అనేవాడు. గువ్వ ఆ కిటికీ పక్కనే నిలబడి ఉండేది. పదకొండేళ్లు అలా గడిచాయి. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పాడు. అతను కూతురితో ఒక్కసారైనా మాట్లాడకుండా పోతాడేమో అన్నదే నా దిగులు.

అప్పుడే గువ్వ చదివిన కాలేజీ గోడ మీద పెద్ద బ్యానరు చూశాను. గువ్వ ఫొటోలలో చూసిన ముఖమే, పొడుగమ్మాయి! ఇప్పుడు విదేశంలో పేరున్న ప్రొఫెసరు. ఉపన్యాసానికి వస్తోంది. విషయం: కలిసి పనిచేయడం.

వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. ప్రశ్నలు అడగమనగానే లేచాను.

"గ్రూపులో ఒకరు తన పనిని తాను చెప్పుకోలేకపోతే, ఏం చేయాలమ్మా?"

"తెలిసినవాళ్లు చెప్పాలి మేడమ్," అన్నదామె, చక్కగా నవ్వుతూ.

"తెలిసి కూడా చెప్పకపోతే?"

వెనక ఎవడో, "మామ్మగారు వైవా పెట్టేశార్రా," అన్నాడు. హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నా ముఖంలో మా వంశపు ముక్కును చూసి ఉంటుంది.

"నేను గువ్వ మేనత్తను. మా ఇంటికి రావాలి మీరు. ఇవాళే."

వచ్చింది. ఎందుకు వచ్చిందో నేను అడగలేదు.

తలుపు తీసిన గువ్వ నిర్ఘాంతపోయి, అంతలోనే, "ఏమే పొడుగూ, ఇలా చిక్కిపోయావేంటే! అక్కడ తిండి పెట్టట్లేదా?" అని కుర్చీ జరిపింది. ఆమె కూర్చోలేదు. తమ్ముడి మంచం దగ్గరకు వెళ్లి నిలబడింది.

"అంకుల్, అప్పట్లో మా మధ్య చిన్న అపార్థం..."

"అపార్థం అనకు," అన్నాను. "ఆ గదిలో అర్థమైనది నీ ఒక్కదానికే."

"ఇప్పుడెందుకత్తా ఇవన్నీ," అంది గువ్వ.

"ఇప్పుడే కావాలి. నువ్వుండు."

పొడుగమ్మాయి గోడ పట్టుకుంది.

"ప్రాజెక్టు మొత్తం గువ్వే చేసింది అంకుల్. లాండ్రీకి వెళ్లింది తనే, కనిపెట్టింది తనే, రాసింది తనే. ఏమీ చేయలేదని మర్యాదకి అన్నది. అది మర్యాద అని నాకు తెలుసు. నేను చెబుతానని నా వైపు చూసింది. చూసిందని కూడా నాకు తెలుసు. సీటు నాకు కావాలనుకున్నాను. అందుకే చెప్పలేదు. అంతే. ఇంకే కారణమూ లేదు. అప్పటి మా ప్రొఫెసరుగారికి కూడా ఇలాగే చెబుతాను."

తమ్ముడు నా వైపు తిరిగాడు.

"అక్కా, దాన్ని..." అని ఆగాడు. దగ్గు వచ్చి తగ్గింది. తల రెండో వైపు తిప్పాడు.

"గువ్వా, ఇలా వచ్చి కూర్చో."

ఆ పిల్ల కదలలేదు. వీపు మీద చెయ్యి వేసి నేనే తీసుకువెళ్లి మంచం మీద కూర్చోబెట్టాను. పిల్లేమిటి, అప్పటికే జుట్టులో తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి.

"ఏం చేశావో చెప్పు. మొదటినుంచీ చెప్పు. ఏదీ వదిలిపెట్టకు," అన్నాడు.

గువ్వ చెప్పింది. మొదట తడబడింది. బండి చక్రాల దగ్గరకు వచ్చేసరికి చేతులు కూడా కదిలాయి. తమ్ముడు మధ్యమధ్య ప్రశ్నలు వేశాడు. ఆయాసం వస్తే ఆగి, మళ్లీ అడిగాడు.

"మరి ఆ డ్రైవర్లు?"

"ఒక్కరిని కూడా తీసెయ్యలేదు నాన్నా. నేను తిరిగి వస్తున్న రోజు వ్యాన్లు ఆపి హారన్లు కొట్టారు."

"నీ కోసమేనా?"

"నా కోసమే."

పొడుగమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తోంది. ఆమెను ఎవరూ ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు.

తమ్ముడు ఆ నెల దాటలేదు. ఉన్నన్ని రోజులూ మంచినీళ్లు కావాలన్నా, దిండు సర్దాలన్నా గువ్వనే పిలిచాడు. పోయిన సంవత్సరాలను తిరిగి ఇవ్వమని నేనెవరినీ అడగలేదు. అవి ఇవ్వగలిగినవాళ్లు ఎవరూ లేరు. కానీ ఇవ్వవలసిన మాట ఒకటున్నది. దానిని ఇవ్వవలసిన మనిషే వచ్చి, వినవలసిన మనిషి ఎదుట నిలబడి, ఒక్క అక్షరం తగ్గకుండా ఇచ్చింది. ఆ బాకీ తీరిపోయింది.