ముందు గ్రూపు, తర్వాత యూజర్

బావ ఆమెకి పెట్టిన పేరు మొండిఘటం. అక్క మొగుడే ఆమె పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని కాబట్టి ఆఫీసులోనూ ఆ పేరే స్థిరపడిపోయింది. ఆమెకీ పెద్ద పట్టింపు లేదు, పని జరిగితే చాలు.

ఆ రోజు ఆసుపత్రికి వెళ్లి కొత్త ప్రోగ్రాం పెట్టి రావాలి. ఎక్స్‌రే గదుల నుంచి వచ్చే చిత్రాల్ని అందుకునే ప్రోగ్రాం అది. మొదలైనప్పుడు దానికి రూట్ అధికారం, అంటే మెషీన్ మీద సర్వాధికారం ఉంటుంది. చిత్రాలు వచ్చే దారి తెరవడానికి అది తప్పదు. తెరిచాక ఆ అధికారం వదిలేసి మామూలు యూజర్‌గా మారిపోవాలి. బయటినుంచి ఎవడైనా దాన్ని లొంగదీసుకున్నా పెద్దగా చేతికేమీ చిక్కకూడదని ఈ ఏర్పాటు.

బయల్దేరే ముందు ఎందుకైనా మంచిదని, నడుస్తున్న ప్రోగ్రాం వివరాలు తెరిచి చూసింది. యూజర్ మారింది. గ్రూపు మాత్రం, అంటే ఏయే ఫైళ్లు ముట్టుకోవచ్చో తేల్చే రెండో గుర్తింపు, ఇంకా రూట్‌దే.

"బావా, ఆగు. ఇది అధికారం సగమే వదిలింది."

బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు బావ. "యూజర్ మారిందిగా! ఇంకేం కావాలి తల్లీ నీకు?"

ఆమె మాటలతో సరిపెట్టలేదు. పరీక్ష మెషీన్‌లో, ఆ గ్రూపు మాత్రమే చదవగలిగేలా ఉత్తుత్తి రోగి రిపోర్టు ఒకటి పెట్టింది. ప్రోగ్రాం దాన్ని తడుముకోకుండా చదివేసింది. బావ బ్యాగు దించాడు.

లోపం పాత ప్రోగ్రాం నుంచి తెచ్చుకున్న లైన్లలో దొరికింది. అది ముందు యూజర్‌ని మార్చి, ఆ తర్వాత గ్రూపుని మార్చబోతోంది. యూజర్ మారిన మరుక్షణం గ్రూపుని మార్చే అధికారమూ పోతోంది. రెండో అడుగు పడటం లేదు. పడిందా లేదా అని అడిగిన నాథుడూ లేడు.

"ముందు అదనపు గ్రూపులు, తర్వాత అసలు గ్రూపు, ఆఖర్న యూజర్," అని తనలో తనే అనుకుంటూ వరస మార్చింది. ప్రతి అడుగూ పడిందో లేదో ప్రోగ్రాం సరిచూసుకునేలా, పడకపోతే ఆగిపోయేలా రాసింది. చివర్లో, తిరిగి రూట్ అవ్వమని ప్రోగ్రాం చేతే ప్రయత్నం చేయించింది. అవ్వగలిగితే అక్కడికక్కడే ఆగిపోవాలి.

మధ్యాహ్నం ఆసుపత్రిలో పెడితే ప్రోగ్రాం మొదలవ్వనే లేదు. గ్రూపులు వదల్లేకపోతున్నానని చెప్పి ఆగిపోయింది.

అక్కడి కంప్యూటర్లు చూసే పెద్దాయనకి చిర్రెత్తుకొచ్చింది. "పాతది నిక్షేపంలా నడిచేది. ఆ పరీక్షలేవో తీసిపారెయ్యండి. బయట రోగులు కూర్చున్నారు."

బావ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఈ ఒక్కరోజుకి తీసెయ్ తల్లీ, రేపు చూసుకుందాం."

"తియ్యను బావా. చిత్రాలు డిస్కుల్లో వేయించి పైన డాక్టర్ల దగ్గరికి మోసుకెళ్లు. ఇది మాత్రం తియ్యను."

బావ గొణుక్కుంటూనే మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఆమె మెషీన్ సెట్టింగులు ఒక్కొక్కటే తిరగేసింది. రూట్‌గానే మొదలవుతున్నా, ఈ ప్రోగ్రాంకి గ్రూపులు మార్చే అధికారాన్ని మాత్రం ఎవరో ముందే విడిగా తీసేశారు.

"నేనే తీశాను," అన్నాడు పెద్దాయన. "జాగ్రత్త కోసం."

"మంచి ఉద్దేశమేనండీ. కానీ అది లేకపోతే ఇది గ్రూపుని వదల్లేదు."

"వదులుకోవడానికి కూడా అధికారం కావాలా?"

"కావాలండీ."

"మరి పాతది ఎలా నడిచింది?"

"వదలకుండానే నడిచింది. రిపోర్టులున్న ఫోల్డర్లన్నీ ఆ గ్రూపుకి తెరిచే ఉన్నాయి చూడండి."

ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఆ అధికారాన్ని ఈ ఒక్క ప్రోగ్రాంకే తిరిగిచ్చాడు. ఈసారి ప్రోగ్రాం మొదలైంది. గ్రూపులు వదిలింది, యూజర్ మారింది, తిరిగి రూట్ అవ్వబోయి భంగపడింది. కాసేపటికి ఎవరిదో మోచేతి ఎముక తెరమీద తెల్లగా మెరిసింది.

బావ ఆయాసపడుతూ దిగొచ్చాడు. "అయిపోయిందా? పద పోదాం."

"ఉండండి," అన్నాడు పెద్దాయన. "ఈ మెషీన్‌లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి."

ఆమె అప్పటికే రెండోదాని వివరాలు తెరిచింది. అదీ గ్రూపుని వదల్లేదు.