మొద్దుబారిన చోటు

ఒకటో తేదీ లోపల కావలసిన పనులని సవిత నోట్‌బుక్ చివరి పేజీలో ఇలా రాసుకుంది:

పిలాటిస్ కసరత్తుల వీడియోలు, యోగా వీడియోలు డౌన్‌లోడ్ చేసి అమ్మ ఫోన్‌లో వేయాలి. నడుము నొప్పికి పనికొచ్చేవి మాత్రమే.
చాప జారుతుంది. అవ్వ కంబళి నాలుగు మడతలు వేసి పరచాలి.
చీరతో కాళ్ళు ఎత్తడం కుదరదు. నా పాత చుడీదార్ ప్యాంటు కుట్లు విప్పి అమ్మకు సరిపోయేట్టు చేయాలి.
అవ్వ మేకలు తోలుకొని పోయిన తరువాతే మొదలుపెట్టాలి.
సౌండు తీసేయాలి. పక్కింటి జయలక్ష్మమ్మకు వినపడకూడదు.
అమ్మ ఇరవై లీటర్ల క్యాను ఎత్తి నూరడుగులు నడవాలి.

చివరిదే అసలు పని. తక్కినవన్నీ దానికోసం.

సవిత తల్లి రత్న ఐదేళ్ళుగా సోలార్ పార్కులో ప్యానళ్ళు కడుగుతోంది. తాతల కాలంలో వాళ్ళకు గొర్రెలుండేవి. తరువాత నాలుగెకరాల శనక్కాయ పొలం. ఆ పొలం సోలార్ పార్కుకు లీజుకిచ్చాక దాని మీద అద్దాలు పరిచారు. భర్త హొన్నూరప్ప బెంగళూరులో కట్టడాల పనికి పోయి నెలకొకసారి ఊరికి వస్తాడు. ఇల్లు నడిచేదీ, పావగడలో సవిత బీకాం చివరి ఏడు చదివేదీ రత్న కూలీతోనే. తెల్లవారి ఐదుకు ట్రాక్టరు ఊరి మొగదలకు వచ్చి ఆడవాళ్ళను ఎక్కించుకుంటుంది. అద్దాలు కాలకముందే కడగాలి. ట్యాంకరు ముందు పోతుంటే, నిలువెత్తు కర్రకు కట్టిన బ్రష్షు పట్టుకొని, మెడ పైకెత్తి, నడుము వెనక్కి వంచి, ఒక వరుస తరువాత ఒక వరుస రుద్దుతూ పోవాలి. దీపావళప్పుడు రత్నకు నడుములో మొదలైన నొప్పి ఎడమ పిక్క దాకా దిగుతోంది. కూతురికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణముంది. పని కొత్త కాంట్రాక్టరు చేతికి మారింది. అతని సూపర్‌వైజర్ భరత్‌కుమార్ ట్రాక్టరు మీద నిలబడి అందరికీ ముందే చెప్పేశాడు. ఒకటో తేదీన ఒక్కొక్కరూ నీళ్ళ క్యాను ఎత్తి నూరడుగులు నడిచి చూపించాలి. నడిచినవాళ్ళ పేరు రాసుకుంటారు. నడుము నొప్పులవాళ్ళు ట్రాక్టరు ఎక్కే పనే లేదు. రత్నకు నొప్పి ఉందని జయలక్ష్మమ్మకు తెలిస్తే వరుసలో అందరికీ తెలుస్తుంది, వరుసకు తెలిస్తే అతనికి తెలుస్తుంది. ఉన్నది మూడు వారాలు.

మొదటిరోజు సవిత కాలేజీకి పోలేదు. ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టుకొని, ఫోన్‌ను రాగి చెంబుకు ఆనించి, తల్లిని కంబళి మీద పడుకోబెట్టింది. ఫోన్‌లో తెల్లగోడల గదిలో సన్నటి అమ్మాయి ఇంగ్లీషులో చెబుతూ చేసి చూపిస్తోంది.

"అమ్మా, పొట్ట లోపలికి పీల్చుకోవాలంట. ఊపిరి వదుల్తా కాళ్ళెత్తాల."

"పొట్ట యాడుండాది పీల్చేకి? తెల్లారి తిన్నది ఒక్క ముద్ద."

"నగద్దు. తల, భుజాలు కూడా లేపాల."

"లేపితే మళ్ళీ దించేదెవురు, నువ్వా?" అని రత్న తల లేపి, ఫోన్‌ వైపు చూసింది. "ఆ పాపకు ఎముకలు పెట్టేది మర్చిపోయినట్లుండారు."

"నొప్పొస్తే ఆపేయాలంటమ్మా."

"నొప్పి రాని పని యాడుండాదని."

వీడియో మొదట్లో ఆ అమ్మాయి చెప్పింది అదొక్కటే కాదు. నొప్పి వస్తే ఆపండి. తిమ్మిరిగానీ మొద్దుబారడంగానీ ఉంటే వెంటనే ఆపి డాక్టరుకు చూపించుకోండి అంది. సవిత రెండూ విన్నది. ఒకటి చెప్పింది. రెండోది ప్రతి వీడియోలోనూ అనేదే, మందు చీటీ మీద చిన్న అక్షరాల మాదిరి. పొద్దున నాలుగింటికి లేచిన మనిషికి అన్నీ ఏకరువు పెడితే వింటుందా అనుకుంది.

ఆ తరువాత సవిత కాలేజీకి పోయినా రత్న మానలేదు. పని నుంచి పదిన్నరకు వచ్చి, అత్త మేకలు తోలుకొని పోయేదాకా ఆగి, తలుపు దగ్గరికి వేసి, సౌండు లేని ఆ బొమ్మను చూసి చూసి చేసేది. పిలాటిస్ ఒకటి, యోగా ఒకటి, మళ్ళీ పిలాటిస్. వంగి కాలివేళ్ళు అందుకోవడం ఆమెకు బాగా అలవాటయింది. సాయంత్రం సవిత బస్సు దిగి రాగానే, "ఈపొద్దు రొండు సార్లు చేసినా" అని, పరీక్ష బాగా రాసిన పిల్లలా చెప్పేది.

పద్నాలుగో రోజు ఆదివారం. మేక ఒకటి కుంటుతోందని అవ్వ దొడ్డమ్మ మధ్యాహ్నం కాకముందే తిరిగి వచ్చి తలుపు తోసింది.

"ఏందే ఇది? నడింట్లో కాళ్ళు మీదికి పెట్టుకోని, తిరగబడిన బొద్దింక మాదిరి. ఆ ప్యాంటు ఎవురిదే?"

రత్న గబుక్కున లేచి చీర కోసం చూసింది. సవిత మధ్యలోకి వచ్చింది.

"యోగా అవ్వా."

"యోగమా. నా కంబళి మింద యోగం చేసేకి నన్నొక మాట అడగల్యా?"

"నడుము నొప్పని చేస్తాంది అవ్వా. ఎవురితోనూ అనాకు."

దొడ్డమ్మ గుమ్మం దగ్గరే కూలబడింది. కోపం కంటే చిన్నబుచ్చుకోవడం ఎక్కువ కనబడింది ఆమె మొహంలో. "నడుమా. ఇంట్లో నేనుండంగ ఫోన్లో వైద్యమా. నూరు గొర్రెల కాళ్ళు చూసిన చేయి ఇది."

"ఇప్పుడు బాగైందిలే అత్తా," అంది రత్న. "నిన్నటి నుంచి నొప్పే లేదు. కాలు మొద్దుబారింది, అంతే."

"మొద్దుబారిందా. ఏదీ, చాపు."

మందలున్న రోజుల్లో గొర్రె కాలు కుంటితే దొడ్డమ్మ మామ ఇనుప కడ్డీ కాల్చి తొడ మీద వాత పెట్టేవాడు. మర్నాడు ఆ చోట వేలితో గట్టిగా నొక్కి చూసేవాళ్ళు. గొర్రె బెదిరితే రోగం ఇంకా ఉన్నట్టు. బెదరకుండా ఊరికే నిలబడితే నొప్పి చచ్చినట్టు, దాన్ని మందలోకి వదిలేయవచ్చు. మనుషులకైనా ఆ ఇంట్లో అదే లెక్క. దొడ్డమ్మ కోడలి పిక్క గిల్లింది.

"తెలిసిందా?"

"తెలీలే."

"ఈడ?"

"ఈడా తెలీలే."

ఇంకా పైన, తొడ వెనక గిల్లింది. రత్న సిగ్గుపడి నవ్వింది. "కూచునేకాడ గూడా దుప్పటి కప్పినట్లుండాది అత్తా. గిల్లుకున్నా తెలీదు."

"అయితే నొప్పి చచ్చింది పో. వాత పెట్టకుండానే చచ్చింది. నీ ఫోను గట్టిదే పాపా."

ముగ్గురూ నవ్వారు. సవిత నోట్‌బుక్ తీసి, వీడియోల ఎదురుగా పెన్సిలుతో టిక్కు పెట్టుకుంది. ఆ మాట ఆమె ఇంగ్లీషులో విన్నదే. తెలుగులో, ఇంట్లో, నవ్వుల మధ్య విన్నప్పుడు అది అదే మాటని తట్టలేదు.

గురువారం ఒకటో తేదీ. రత్న క్యాను ఎత్తింది. నూరడుగులు నడిచి, భరత్‌కుమార్ చెప్పకముందే తిరిగి అంత దూరమూ వచ్చి దించింది. ఇంటికొచ్చి సవితకు ఆ సంగతి చెప్పేటప్పుడు పైటతో మొహం తుడుచుకుంటూ, "పేరు రాసుకున్నాడు పాపా. ఇంక నీ పరీక్షలయ్యేదంక దిగుల్లేదు" అంది. పేరు అతను ఎట్లా పలికాడో కూడా పలికి చూపించింది.

ఆమె చెప్పనిది ఒకటుంది. బుధవారం సాయంత్రం నుంచి ఆమె సరిగా ఒంటికి పోలేదు.

ప్యానళ్ళ వరుసల్లో ఆడవాళ్ళకు మరుగుండదు. ఎటు చూసినా అద్దాలు, స్తంభాల మీద కెమెరాలు, జీపుల్లో తిరిగే మగవాళ్ళు. అందుకని పనికిపోయే ఆడవాళ్ళు తెల్లవారి నుంచి నీళ్ళు తాగరు. తాగినా ఇల్లు చేరేదాకా బిగబట్టుకుంటారు. ఐదేళ్ళ అలవాటు. ఇప్పుడు బిగబట్టుకోవలసిన అవసరమే రాకపోయేసరికి రత్నకు భయం వేయలేదు, సుఖంగానే అనిపించింది. తెలియకుండా చుక్కా చుక్కా కారుతుంటే చీర కింద గుడ్డ పెట్టుకుంది. కూతురితో చెప్పే మాటా అది?

శనివారం ఏడు గంటలప్పుడు, వరుస మలుపులో రత్న ఎడమ పాదం నేలకు ఈడ్చుకుపోయి బ్రష్షుతో సహా పడిపోయింది. లేవబోతే రెండో కాలూ మాట వినలేదు. ట్రాక్టరులో వేసుకొని ఇంటికి తెచ్చారు. జయలక్ష్మమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకొని వచ్చింది. సవిత ఆటో పిలిపించి పావగడ ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరు వయసు మళ్ళినాయన. కాళ్ళు నొక్కి చూసి, పొట్ట కింద చేయి పెట్టి ఆగిపోయాడు. అక్కడ చిన్న కుండంత గట్టిగా ఉబ్బి ఉంది.

"ఒంటికి ఎప్పుడు పోయినారమ్మా?"

రత్న కూతురి వైపు చూసింది, గోడ వైపు చూసింది. "మూడు దినాలాయ సార్. కొంచెం కొంచెం తెలీకనే కారుతాంది."

"కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా?"

"లేదు సార్. అది బాగైందానికి గదా?"

ఆయన సవితను బయటికి పిలిచాడు. మొద్దుబారి ఎన్నాళ్ళయిందని అడిగాడు. సవిత వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఎనిమిది. చెప్పేటప్పుడు, దుప్పటి కప్పినట్టుందన్న తల్లి నవ్వూ, ఇయర్‌ఫోన్‌లో విన్న ఆ రెండో మాటా ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

అక్కడి నుంచి బెంగళూరుకు పంపారు, ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. మర్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు సవితకూ హొన్నూరప్పకూ బొమ్మ గీసి చెప్పాడు. నడుము ఎముకల మధ్యనున్న గుజ్జు జారి, కాళ్ళకూ మూత్రానికీ పోయే నరాలను అణిచేసింది. వీడియోలు చూసి వంగకపోయినా ఇది జరిగి ఉండేదా అంటే చెప్పలేనన్నాడు. ఒకటి మాత్రం చెప్పగలనన్నాడు. మొద్దుబారిన రోజే వచ్చి ఉంటే నరాలు చాలావరకు నిలిచేవి. ఎనిమిది రోజులు నొక్కుకుపోయిన నరం తిరిగి లేవడం కష్టం.

"నొప్పి లేదనింది సార్," అన్నాడు హొన్నూరప్ప. "నొప్పుంటే తెచ్చిందుమే."

రత్న నెల తరువాత మూత్రపు గొట్టంతో ఇంటికి వచ్చింది. ముందు గదిలో మంచం వేశారు. పేరు రాసుకున్న కాగితంలో ఆమె పేరు కొట్టేసి ఇంకొకరిది రాసుకున్నారు. హొన్నూరప్ప బెంగళూరు మానేసి చుట్టుపక్కల దొరికిన పనికి పోసాగాడు. మంచం మీది మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. పగలు దొడ్డమ్మ, తక్కిన వేళలు సవిత. దొడ్డమ్మ మేకలను అమ్మించేసింది. ప్రతి పొద్దునా కోడలి కాళ్ళ దగ్గర కూర్చొని పిక్క మీద గిల్లేది.

"తెలిసిందా?"

"తెలీలే అత్తా."

ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. దొడ్డమ్మ ఇంకాస్త గట్టిగా గిల్లేది. కొన్నాళ్ళకు అక్కడ కమిలిన మచ్చలు పడితే సవిత ఆమె చేయి పట్టుకొని ఆపవలసి వచ్చింది.

ఒకరోజు తల్లికి ఒళ్ళు తుడుస్తూ సవిత చెప్పేసింది. "ఆ వీడియోలో మొద్దుబారితే ఆపి డాక్టరుకాడికి పోవాలని చెప్పింది. నేను విన్నా. నీకు చెప్పల్యా."

రత్న తడిగుడ్డ పట్టుకున్న కూతురి చేయి ఆపింది. "చెప్పింటే పోతాంటినా? ఒకటో తారీకుండె గదా పాపా." మళ్ళీ కాసేపటికి, మెల్లగా, "చెప్పిండాల్సింది లే" అంది.

ఆ రెండు మాటల్లో దేన్ని పట్టుకోవాలో సవితకు ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందే రత్నకు చలిజ్వరం వచ్చింది. మూత్రపిండాలకు చీము పట్టిందన్నారు. వీపున పడిన పుండు ఎముక దాకా పోయింది. పావగడ ఆసుపత్రిలో ఆరో రోజు చనిపోయింది. నలభై నాలుగేళ్ళు. సవిత డిగ్రీ పాసయిన సంగతి ఆమెకు తెలుసు, పట్టా చేతికి రావడం చూడలేదు.

దినాలయిన మర్నాడు తెల్లవారి ఐదుకు సవిత ఊరి మొగదలకు పోయింది. ట్రాక్టరు ఇంజను ఆడుతోంది. ఆడవాళ్ళు ఎక్కి కూర్చొని ఉన్నారు. భరత్‌కుమార్ ముందు సీటు పక్కన నిలబడి లెక్క చూస్తున్నాడు. ఆమె పనికి అడగడానికి వచ్చిందనుకొని కొంచెం జరిగి చోటిచ్చాడు. సవిత ఎక్కలేదు. చెప్పవలసింది రాత్రంతా మంచి మాటల్లో కూర్చుకుంది గాని, నోరు తెరిస్తే ఇంటి మాటే వచ్చింది.

"అక్కా, అమ్మా, వినండి. నడుము నొప్పి ఉండేవాళ్ళు, కూచునేకాడ మొద్దుబారితే, గిల్లినా తెలీకుంటే, ఒంటికి రాకుంటే, ఆ దినమే ఆస్పత్రికి పోవాల. సిగ్గనుకోవద్దండి. మాయమ్మ అట్లనే పోయింది. నొప్పి పోయిందని మేమందరూ నగినాము."

డ్రైవరు అటు తిరిగి బీడీ వెతుక్కున్నాడు. ఒకామె పైట అడ్డం పెట్టుకుంది. భరత్‌కుమార్ కాగితం వైపే చూస్తూ, టైమవుతోందమ్మా అన్నాడు. వెనక మూల కూర్చున్న జయలక్ష్మమ్మ మాత్రం లేచి, నడుము పట్టుకొని మెల్లగా ట్రాక్టరు దిగింది. సవిత ఆమె చేయి పట్టుకుంది. ఇద్దరూ పావగడ బస్సు ఆగే చోటికి నడిచారు.

చదివే మీకొక మనవి. మీ ఇంట్లో రెక్కల కష్టం మీద బతికే ఆడమనిషి ఎవరైనా, నొప్పి పోయింది, మొద్దుబారింది అంతే అని నవ్వుతూ చెబితే, ఆ పూట మీరు నవ్వకండి. ప్యానళ్ళు కడిగిన రత్నను తలుచుకోండి.