తిట్టుకు వచ్చిన ఎరుపు

పదకొండేండ్ల నుంచి సుమనకు అన్ని రంగులూ వచ్చాయి గానీ ఎరుపు ఒక్కటే రాలేదు.

నాందేడ్‌లో ఇత్వారా వెనక సందులో రెండు గదుల ఇల్లు, వంటింటి మూల కరెంటు బట్టీ. రాగి రేకు మీద రంగు గాజుపొడి చల్లి బట్టీలో మూడు నిమిషాలు కాలిస్తే, పొడి కరిగి అద్దంలా అంటుకుంటుంది. దాన్ని మీనా పని అంటారు. లోకమంతా చెవికమ్మల మీద వేసుకునే ఆ పనిని సుమన గిన్నెమూతల మీద, గరిటెల మీద, తలుపు గొళ్ళెం మీద వేసి చూసింది. నీలం నీలంగా, పచ్చ పచ్చగా వచ్చేవి. ఎరుపు మాత్రం ఎర్రగా లోపలికి పోయి, మాడిన రొట్టెలా బయటికి వచ్చేది.

పోయిన ఎండాకాలం ఒకనాడు రేకు బట్టీలో ఉండగానే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఆ ఇంట్లో ఇంకో మనిషి వెంకవ్వ, సుమన భర్తకు వదిన. అన్నదమ్ములిద్దరూ పోయాక ఈ యారండ్లిద్దరూ ఒకే పొయ్యి మీద బతుకుతున్నారు. వెంకవ్వ గడపలో నిలబడి కొంగు నడుముకు చెక్కుకుంది.

"నీ బట్టీల బండ వడ! శేరు పాలు నేల తాగవట్టె, నీకు కండ్లున్నయా, కండ్లకు గూడ రంగేసుకున్నవా?"

అప్పుడు తీసిన రేకు దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది.

సుమన నోటుపుస్తకం తెచ్చి పరీక్షలు మొదలుపెట్టింది. కిరాణా దుకాణం నందకిషోర్‌ను బట్టీ దగ్గరికి పిలిచి, కావాలని సతాయించి మరాఠీలో తిట్టించుకుంది. పలక పాలిపోయిన పసుపు రంగులో వచ్చింది. ఆటో డ్రైవర్ దక్కనీలో తిడితే బూజు పచ్చ. తెలుగులో, మనసారా, వెంకవ్వ తిడితేనే ఎరుపు. అడిగి తిట్టించుకుంటే ఇటుక రంగు.

ఆ ఎర్ర పలకల ఫోటోలు పుణె దాకా పోయాయి. అక్కడ పలకల ప్రదర్శన పెట్టే నేహ అనే అమ్మాయి ఫోన్ చేసింది. నీలం పలకలు అందరి దగ్గరా ఉన్నాయట, పెద్ద ఎరుపు పలక ఒకటి ఇస్తే గోడ నడుమ పెడతారట, లేకుంటే లేదట. సుమనకు ఆ రాత్రి అన్నం సయించలేదు. పదకొండేండ్లలో ఆమె పని చూసిన బయటి మనిషి నందకిషోర్ ఒక్కడే. చూసి, తరాజుకు పళ్ళెంగా పనికొస్తుందా అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే వెంకవ్వ మంచిదైపోయింది. తన తిట్లు ఇంటి గోడ మీద ఎర్ర పలకలై మెరుస్తుంటే సందులో ఆడవాళ్ళందరినీ పిలిచి, "గీ ఎరుపు నాదే" అని చూపించడం మొదలుపెట్టింది. కోపం అన్నది రాదు. సుమన చాయలో ఉప్పు వేసి ఇచ్చింది. "మంచిగున్నది బిడ్డా, కడుపుకు మంచిది" అని వెంకవ్వ తాగేసింది.

నేహ పలక తీసుకోవడానికి వచ్చిన రోజు మధ్యాహ్నం మూడయింది. నాలుగున్నరకు ఆమె రైలు. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సుమన పెద్ద రేకును బట్టీలో పెట్టి తలుపు మూసింది.

"అక్కా, తిట్టు."

"పిల్ల ముంగట ఏమని తిట్టాలె? ఏం తప్పు జేసినవ్ నువ్వు?"

"లోపల ఉన్నది నీ రాగి బిందె అక్కా. కోసిన."

వెంకవ్వ సజ్జ వైపు చూసింది. పెండ్లికి తండ్రి ధర్మాబాద్ బజారులో కొనిచ్చిన బిందె అది. దాని మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించాడు. వెంకవ్వకు చదువు రాదు. ఏటా దసరాకు చింతపండుతో తోమి, ఆ చుక్కల మీద వేలు పెట్టి, "గిది నేను" అనేది. సుమన సజ్జ మీద బిందెకు కప్పిన గుడ్డ లాగింది. కింద స్టీలు బిందె ఉంది.

వెంకవ్వ గడప మీద కూర్చుంది. తిట్టు మాత్రం రాలేదు. కండ్లల్లో నీళ్ళు తిరిగాయి.

మూడు నిమిషాల్లో ఒకటి పోయింది. లోపల ఎరుపు మాడుతున్న వాసన వస్తున్నట్టే అనిపించింది సుమనకు. బిందె కోసింది తనే. ఇప్పుడు బిందే పోయె, ఎరుపూ పోయె, అక్కా పోయేటట్టుంది. ముప్పై ఏండ్లుగా దాచిన మాట నోట్లోంచి జారింది.

"దాని మీద నీ పేరు లేదు అక్కా."

"మరేమున్నదే?"

"'ఆగు చెప్త' అని ఉన్నది. మరాఠీ అచ్చరాల్ల. పేర్లు కొట్టేటోడు నావ్ కాయ్, పేరేందని అడిగిండు గావచ్చు. మీ నాయన నోట్ల తంబాకు ఉండె గావచ్చు. ఆగు, చెప్త అన్నడు. వాడు గదే పిల్ల పేరనుకున్నడు."

వెంకవ్వ లేచి నిలబడింది.

"వాని సుత్తె ఇరుగ! వాని చెవుల సీసం వొయ్య! యాభై ఏండ్ల సంది నేను ఆగు చెప్తనా? తోమి తోమి నా గోర్లు అరిగె గదనే! ముప్పై ఏండ్లు కడుపుల వెట్టుకొని నాతోని దాన్నే తోమిపిస్తివి, నీ నోట్ల మన్ను వడ! మా నాయనను ఏమనాలె, తంబాకు నముల్కుంట బిడ్డ పేరు మర్శిండా? ఆ పుణె పిల్లను సుత ఏమనాలె, రాకరాక నా బిందె మీదికే అచ్చిందా?"

తెలుగు రాని నేహ సంచి గట్టిగా పట్టుకుంది. సుమన పటకారుతో పలకను బయటికి తీసింది.

పచ్చి నెత్తురంత ఎరుపు. అందులోంచి, నీళ్ళ అడుగున ఉన్నట్టు, బిందె మీది రాగి చుక్కలు వరుసగా మెరుస్తున్నాయి. వెంకవ్వ తిడుతూనే వంగి చూసింది. "అగ్గో," అన్నది, ఇంకో తిట్టు మరిచిపోయి. "ఎంత మంచిగ కొట్టిండే ముండకొడుకు."

పలక చల్లారాక నేహ గుడ్డలో చుట్టుకుని, గోడ మీద పలక పక్కన పెట్టే పేరు చీటీ తీసింది. సుమన పేరు రాసింది.

"అక్క పేరు గూడ రాయి," అని సుమన మరాఠీలో చెప్పింది. "ఎరుపు ఆమెది."

నేహ వెంకవ్వ వైపు తిరిగి వినయంగా అడిగింది. "ఆజీ, నావ్ కాయ్?"

తిట్టి తిట్టి గొంతెండిన వెంకవ్వ నోటినిండా నీళ్ళు పోసుకుని ఉంది. చెయ్యెత్తి, మింగుతూ అన్నది.

"ఆగు, చెప్త."

నేహ శ్రద్ధగా రాసుకుంది. పెన్ను మూసి, దండం పెట్టి, రైలుకు టైమైందని ఆటో ఎక్కింది.

యారండ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత వెంకవ్వ చెంబు విసిరేసి ఆటో వెనక సందు చివరిదాకా ఉరికింది. ఆ తిట్ల గొంతు నందకిషోర్ దుకాణం దాటి పోతున్నది.

సుమన లోపలికి పరుగెత్తింది. బట్టీ ఇంకా వేడిగానే ఉంది. మిగిలిన బిందె అడుగు మీద గబగబా ఎర్రపొడి చల్లి, లోపలికి తోసి, అక్క గొంతు బాగా పడేటట్టు కిటికీ తెరిచింది.