భోజనం తర్వాత ప్రసంగం

వైద్యుల సంఘం వార్షిక సదస్సులో భోజనం తర్వాతి మొదటి ప్రసంగం మత్తు డాక్టరుకే ఇస్తారు. ఈ రూలు ఎక్కడా రాసి లేదు. ఒక ఏడాది ఎవరో సరదాకి అలా వేశారు, అందరూ నవ్వారు. నవ్వు పండింది కదా అని మరుసటి ఏడాదీ వేశారు. అప్పటి నుంచి అది ఆచారమై కూర్చుంది.

ఈసారి ఆ వంతు పెద్దాసుపత్రి మత్తు డాక్టరమ్మకి వచ్చింది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

"వేళ మార్చండి," అని సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి అడిగింది. కార్యదర్శి కంటి డాక్టరు. మనిషి రూలు తప్పడు. రూలు లేనిచోట అలవాటు తప్పడు.

"పొద్దున వేళలన్నీ అయిపోయాయి మేడం. అయినా జనం ఉండరని బెంగ అక్కర్లేదు. రెండో సంతకం మీ ప్రసంగం అయ్యాకే పెట్టిస్తాం."

అది నిజమే. లైసెన్సు కొనసాగాలంటే డాక్టర్లకు ఏటా కొన్ని పాయింట్లు రావాలి. పాయింట్లు రావాలంటే సదస్సులో పొద్దున ఒక సంతకం, మధ్యాహ్నం ఒక సంతకం పెట్టాలి. సంతకం కోసం అందరూ కూర్చుంటారు. కూర్చున్నవాళ్లు మేలుకుని ఉండాలని మాత్రం ఎవరూ అనలేదు.

"ఉంటారు సరే. మెలకువగా ఉంటారా?"

"మత్తు డాక్టరై ఉండి మీరే ఆ మాటంటే ఎలా మేడం?" అని కంటి డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

ఆమె బెంగకు కారణం ఉంది. సంఘం ఏటా ఒక్క సభ్యుడిని మూడు నెలల శిక్షణకు పంపుతుంది. ఎవరి విభాగంలో వారికి, పేరున్న ఆసుపత్రిలో. సదస్సులో ప్రసంగం విని ముగ్గురు పెద్దలు మార్కులు వేస్తారు, ఎక్కువ వచ్చినవారికి సీటు. ఆమె ఇప్పటికి రెండుసార్లు మాట్లాడింది, రెండుసార్లూ చప్పట్లతో సరిపెట్టారు. వచ్చే ఏడాదికి వయసు పరిమితి దాటిపోతుంది. కిందటి నెల మెడ కదలని రోగి ఒకాయనకు ఊపిరి గొట్టం వేయడం సాధ్యం కాక, ఆపరేషన్ బల్ల మీది నుంచే దింపి ఇంటికి పంపించింది. ఆ మనిషి లేచి చొక్కా తొడుక్కుంటూ, "పోన్లేమ్మా, మీరేం చేస్తారు," అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. కెమెరాతో గొట్టం వేసే ఆ విద్య నేర్చుకోవాలంటే ఈ సీటు తప్ప దారి లేదు.

పోటీకి గుండె డాక్టరున్నాడు. అతను సంఘం అధ్యక్షుడి శిష్యుడు. అధ్యక్షుడు పేరుమోసిన సర్జన్, అందరూ పెద్దాయన అంటారు. మార్కులు వేసే ముగ్గురిలో ఆయన ఒకరు. మిగతా ఇద్దరు, ఎముకల డాక్టరూ చెవి డాక్టరూ, ఆయన కాగితంలోకి తొంగి చూసి అదే అంకె వేస్తారు.

ప్రసంగం ముందు రోజు సాయంత్రం ఆమె ఇంట్లో సాధన చేసింది. శ్రోతలు ఇద్దరు: భర్త, అత్తగారు. భర్త మూడో నిమిషంలో సోఫాకి ఒరిగాడు. అత్తగారు కాసేపు తల ఊపింది, తర్వాత తల ఊగడం ఆగిపోయింది.

"అత్తయ్యా, పడుకున్నారా?"

"లేదే. నువ్వు చెప్పు. ఇన్నాళ్లూ నాకు నిద్ర మాత్రల మీద డబ్బులు తగలేశాం గానీ, ఇంట్లోనే మందుంది."

"రేపు కూడా అందరూ ఇలాగే పడుకుంటే నా గతేంటి?"

"పడుకున్నవాళ్లని లేపడమేగా నీ ఉద్యోగం. నీకంటే బాగా ఎవరు లేపుతారు?" అంది అత్తగారు, మళ్లీ కళ్లు మూసుకుంటూ.

సదస్సు రోజు పొద్దున గుండె డాక్టరు మాట్లాడాడు. రంగు రంగుల స్లైడ్లు, మధ్యలో గుండె కొట్టుకునే వీడియో. పెద్దాయన ముందు వరుస సోఫాలో కూర్చుని ప్రతి స్లైడుకీ తల ఊపాడు. ఎముకల డాక్టరూ ఊపాడు, చెవి డాక్టరూ ఊపాడు. అయ్యాక గుండె డాక్టరు మత్తు డాక్టరమ్మ పక్కకు వచ్చి, "ఆల్ ది బెస్ట్ మేడం. భోజనాలు బ్రహ్మాండంగా చేయిస్తున్నారట ఈసారి," అన్నాడు.

బ్రహ్మాండంగానే చేయించారు. పెద్దాయన రెండోసారి వడ్డించుకోవడం ఆమె కళ్లారా చూసింది. తీపి దగ్గర ఆయన భార్య ప్లేటుకి చెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడ పిల్లల డాక్టరు. "చాల్లెండి, ఆయాసపడతారు," అంది. ఆయన చెయ్యి తప్పించి వేసుకున్నాడు.

హాల్లో ఏసీ పెంచారు, స్లైడ్ల కోసం దీపాలు తగ్గించారు. మత్తు డాక్టరమ్మ కాలరుకు మైకు తగిలించుకుని వేదిక ఎక్కింది. ప్రసంగం పేరు 'గురక పెట్టే రోగికి మత్తు ఇవ్వడం'. మొదటి స్లైడుకి అందరూ ఆమెను చూశారు. రెండో స్లైడుకి కొందరు చూశారు. నాలుగో స్లైడు వేసేసరికి భుక్తాయాసం గెలిచింది. ఎముకల డాక్టరు గడ్డం ఛాతీ మీద ఆనింది. చెవి డాక్టరు తల వెనక్కి వాలింది. వెనక వరుసల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకొకరైతే గొంతు పెంచేవారు. ఆమె పెంచలేదు. నిద్రపోయేవాళ్ల మధ్య నిలబడి పని చేయడం ఆమెకు కొత్త కాదు. నోరు ప్రసంగం చెబుతుంటే కళ్లు తమ పని తాము చేసుకుపోయాయి: ఎవరి ఛాతీ లేస్తోంది, ఎవరి పెదవుల రంగు ఎలా ఉంది. అలా ముందు వరుసకి వచ్చి పెద్దాయన దగ్గర ఆగాయి.

ఆయన గురక పెడుతున్నాడు. చిన్నగా మొదలై, మెట్లెక్కినట్టు పెరిగింది. రెండో వరుసలో ఒకరిద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అంతలో గురక ఠక్కున ఆగిపోయింది. నవ్వుతున్నవాళ్లు, హమ్మయ్య, పెద్దాయన లేచాడనుకున్నారు.

లేవలేదని ఆమెకు తెలుసు. గురక వినపడుతున్నంతసేపూ గాలి ఆడుతున్నట్టే. ఆగినప్పుడే భయపడాలి. పెద్దాయన ఛాతీ లేస్తోంది, పడుతోంది. గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. కాసేపటికి తనంతట తనే ఎగశ్వాస తీస్తాడనీ, ఏళ్ల తరబడి నిద్రలో ఆయనకు ఇదే జరుగుతూ ఉంటుందనీ ఆమెకు తెలుసు. ఆమె చేతులకు తెలియదు. పద్దెనిమిదేళ్లుగా అవి ఆగిన ఊపిరి కనపడితే ఊరుకున్న చేతులు కావు.

వాక్యం సగంలో వదిలేసి మెట్లు దిగింది. సోఫా వెనక్కి వెళ్లి, రెండు చేతుల వేళ్లూ పెద్దాయన చెవుల కింద దవడ మూలల వెనక పెట్టి ముందుకు ఎత్తింది. గాలి దొరికింది. కాలరు మైకు ఆయన నెత్తి మీదే ఉండటంతో ఆ ఊపిరి స్పీకర్లలో హాలంతా మోగింది. వెనక వరుసలో నిద్రపోతున్న చర్మం డాక్టరు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

ఆమె నోరు కూడా అలవాటు తప్పలేదు.

"ఆపరేషన్ అయిపోయిందండీ. కళ్లు తెరవండి. గట్టిగా ఊపిరి తీసుకోండి."

పెద్దాయన కళ్లు తెరిచాడు. "కుట్లు ఎవరు వేశారు?" అన్నాడు.

అదీ స్పీకర్లలో వచ్చింది.

హాలు మొత్తం ఒక్కసారి నిద్ర లేచింది. నవ్వు తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఎవరో దీపాలు వేశారు. అప్పటికే ఎముకల డాక్టరూ చెవి డాక్టరూ నిటారుగా కూర్చుని, మొదటి నుంచీ మేలుకునే ఉన్నట్టు తల ఊపుతున్నారు. పెద్దాయన తన దవడ మీద ఉన్న చేతుల్ని, చేతుల వెనక ఉన్న మనిషిని చూశాడు. ఆయన మొహం చూడగానే మత్తు డాక్టరమ్మకు తన సీటు తలుపు దాటి వెళ్లిపోతున్నట్టు కనిపించింది.

నవ్వు సర్దుమణగక ముందే కంటి డాక్టరు లేచాడు.

"అధ్యక్షులవారు క్షమించాలి. ప్రసంగం మొత్తం విననివాళ్లు మార్కులు వేయకూడదని రూలు. కిందటేడు మీరే పెట్టించారు."

కిందటేడు ఒక పెద్దమనిషి ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లి, తిరిగొచ్చి పూర్తి మార్కులు వేశాడు. అందుకు కోప్పడి పెట్టించిన రూలది.

"సార్ వింటున్నారండీ," అన్నాడు గుండె డాక్టరు. గురువుగారి మార్కులు పోతే అతని సీటు పోతుంది. "కళ్లు మూసుకుని వినడం సార్ అలవాటు."

"కళ్ల సంగతి నాకు చెప్పకండి. ఆ కళ్లు వింటున్నవాళ్ల కళ్లు కావు," అన్నాడు కంటి డాక్టరు.

"వింటే ఊపిరి కూడా ఆగుతుందేమిటయ్యా?" అంది పెద్దాయన భార్య గుండె డాక్టరుతో. ఆమె నవ్వడం లేదు.

పెద్దాయనకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిద్రపోయానంటే మార్కులు పోతాయి, పరువూ పోతుంది. నిద్రపోలేదంటే ఊపిరి ఎందుకాగిందో చెప్పాలి. ఆయన టై సవరించుకున్నాడు. పెద్ద పెద్ద ఆపరేషన్లలో రక్తం చిమ్మినా చెయ్యి వణకని మనిషి.

"అందరూ కూర్చోండి," అన్నాడు. "గురక పెట్టే రోగి ఎలా ఉంటాడో స్లైడు మీద కంటే ఎదురుగా చూపిస్తే బాగుంటుందని మేమిద్దరం ముందే అనుకున్నాం. నేను రోగిగా నటించాను. అంతే. ఏమ్మా, అనుకున్నామా లేదా?"

హాలంతా ఆమె వైపు తిరిగింది.

అవునంటే సీటు దాదాపు చేతికొచ్చినట్టే. ఆయన తనే ఆడిన నాటకానికి తక్కువ మార్కులు వేసుకోలేడు. కాదంటే అంతటితో సరి. కానీ ఆమె కళ్లు పెద్దాయన పక్కన కూర్చున్న మనిషి మీద పడ్డాయి. ఆవిడ కళ్ల కింద నలుపు చాలా ఏళ్లది. మొగుడి ఊపిరికి కాపలా కాసే ఆడవాళ్ల కళ్లు అలాగే ఉంటాయి. ఇప్పుడు అవునని ఊరుకుంటే, నటన అన్న మాట అడ్డం పెట్టుకుని ఈ మనిషి నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్షకు జన్మలో రాడు.

"అనుకున్నాం సార్," అంది మత్తు డాక్టరమ్మ. పెద్దాయన సోఫాలోకి వాలాడు. "అయితే అందరికీ రెండో సగం కూడా చెప్పాలి కదా సార్. ఇలాంటి రోగిని నిద్ర పరీక్షకు ఎలా ఒప్పించాలో చూపించడానికి, మీరే మా ఆసుపత్రిలో చేరి పరీక్ష చేయించుకుంటానన్నారు. వచ్చే నెల సమావేశంలో ఆ ఫలితం మీ నోటితోనే చెబుతానన్నారు."

పెద్దాయన కాదనడానికి నోరు తెరిచాడు.

"అన్నారు," అంది ఆయన భార్య. "నా ముందే అన్నారు. గురువారమే చేరతానన్నారు."

చప్పట్లు మొదలయ్యాయి. ముందు ఆడ డాక్టర్లు, తర్వాత అందరూ. అధ్యక్షుడు తన జబ్బును సంఘం ముందు పెట్టడం అంతవరకు ఎవరూ ఎరగరు. ఆ చప్పట్లలో పెద్దాయన లేచి, చేసేదేమీ లేక, తల పంకించాడు. గుండె డాక్టరు కూడా చప్పట్లు కొట్టాడు గానీ చేతులు కలవలేదు.

కంటి డాక్టరు మళ్లీ లేచాడు.

"మంచిది. అయితే ఇంకో ఇబ్బంది వచ్చింది. ప్రసంగంలో పాలు పంచుకున్నవాళ్లు ఆ పోటీకి మార్కులు వేయడం ఎక్కడా ఉండదు."

"ఇంక కూర్చో నాయనా," అన్నాడు పెద్దాయన. కానీ ఆయన కాగితం అప్పటికే కంటి డాక్టరు చేతిలోకి వెళ్లిపోయింది.

మత్తు డాక్టరమ్మ మిగతా ప్రసంగం దీపాల వెలుగులోనే ముగించింది. మార్కులు వేయడానికి మిగిలింది ఎముకల డాక్టరూ, చెవి డాక్టరూ. ఇద్దరూ అలవాటు కొద్దీ మధ్యలోకి తొంగి చూశారు. అక్కడ కాగితం లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పొద్దున ఆ అబ్బాయి దేని మీద మాట్లాడాడు?" అన్నాడు చెవి డాక్టరు గొంతు తగ్గించి.

"గుండె మీద."

"గుండెలో ఏం చెప్పాడు?"

ఎముకల డాక్టరు ఆలోచించాడు. "ఏదో కొట్టుకుంది," అన్నాడు. "ఈవిడ మాత్రం దవడ ఇలా కదూ ఎత్తింది?" అని తన దవడ తనే ఎత్తి చూసుకున్నాడు. చెవి డాక్టరూ ఎత్తి చూశాడు. ఇద్దరూ దవడలు వదిలి పెన్నులు తీశారు.

సీటు మత్తు డాక్టరమ్మకు వచ్చింది. గుండె డాక్టరు వచ్చి అభినందించాడు. "నాకు కూడా ఒక రోగిని తెచ్చుకోవాలని తోచలేదు మేడం," అన్నాడు. అతనికి వయసుంది, వచ్చే ఏడాది ఉంది.

రెండో సంతకాలు పెట్టి జనం మెట్లు దిగుతుంటే పెద్దాయన ఆమె కోసం వరండాలో ఆగాడు. భార్య పక్కనే ఉంది.

"నేనెప్పుడన్నానమ్మా పరీక్షకి వస్తానని?"

"నటిస్తానని ఎప్పుడన్నారో అప్పుడే సార్."

పెద్దాయన టై వదులు చేసుకున్నాడు. అవతల కార్లు ఒక్కొక్కటే కదులుతున్నాయి. "ఎంతసేపు ఆగింది?" అన్నాడు చివరికి. గొంతులో అధ్యక్షుడు లేడు.

"ఆగాల్సినదాని కంటే ఎక్కువ సార్."

"ఇంట్లో ఇంకా ఎక్కువ," అంది ఆయన భార్య. "నేను భుజం పట్టి కుదుపుతాను. లేచి నన్నే కోప్పడతారు, నిద్ర పాడు చేశావని."

"మరి నువ్వెప్పుడు పడుకుంటావు?"

"ఇన్నేళ్లకి అడిగారు," అందావిడ.

పెద్దాయన కారు తాళాలు తీసి, కాసేపు చేతిలో తిప్పి, భార్యకిచ్చాడు. మత్తు డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు శిక్షణకి వెళ్లిపోతావు కదా. పరీక్ష ఎవరు చూస్తారు?"

"గురువారం అయ్యాకే వెళ్తాను సార్."

"వైర్లు అవీ తగిలిస్తారనుకుంటా. నేనేం చేయాలి?"

"ఏం చేయక్కర్లేదు సార్. నిద్రపోతే చాలు."

"అందుకైతే మీరు సాధన చేయక్కర్లేదు," అని భార్య కారు తలుపు తీసింది.