నా గోడ వినండి

ఆ పిల్లకు ఇంట్లో పెట్టుకున్న పేరు తూనీగ. ఒక్కచోట కుదురుగా కూచుంటే ఒట్టు. పిన్ని దగ్గరే పెరిగింది. సినిమాల్లో తెర మీది మనుషులకు గొంతు అరువిచ్చే పని ఆ పిన్నిది. మైకు ముందు నిలబడి రాణి కోసం ఏడ్చి, ముసలమ్మ కోసం దగ్గి, ఇంటికొచ్చి గోరువెచ్చటి నీళ్లు పుక్కిలిస్తుంది.

మొన్నో సినిమాలో, కొడుకును చెరలో వేసిన రాజు కాళ్ల మీద పడి తల్లి "నా గోడు వినండి మహారాజా" అనాలి. పిన్ని నోరు తిరగక "నా గోడ వినండి" అనేసింది. ఇంటి దగ్గర విని మర్నాడు దిద్దుకుందువులెమ్మని, సౌండు చూసే పెద్దాయన సినిమా పచ్చి కాపీని ఆవిడ ఫోన్లో వేసి పంపాడు.

విడుదల కాని సినిమా ఇంట్లో ఉంటే తూనీగ ఊరుకుంటుందా? పిన్ని స్నానానికి వెళ్లినప్పుడు తన ఫోన్లోకి లాక్కుంది. స్నేహితురాలికి పంపింది, ఒక్కదానికే. ఎవరి వస్తువూ ఎత్తుకుపోలేదుగా, పిన్ని ఫోన్లోది పిన్ని ఫోన్లోనే ఉందిగా అనుకుంది. కాలేజీలో అందరూ చేసేదే. టికెట్టు కొని చూసేవాణ్ణి అక్కడ వెర్రిబాగులవాడి కింద జమకడతారు.

నాలుగు రోజుల్లో ఆ ముక్క కాలేజీ అంతా పాకింది. హాజరు పడకపోతే "నా గోడ వినండి సార్". క్యాంటీన్లో టీ ఆలస్యమైతే "నా గోడ వినండి మహారాజా". పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ గొంతు ఎవరిదో తూనీగ చెప్పలేదు.

ఆ సాయంత్రం పిన్ని చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడింది. సినిమా బయటికి పొక్కిందని స్టూడియో ఓనరుకు తెలిసిపోయిందట. ఆ తప్పు దిద్దని కాపీ ఉన్నది ఇద్దరి దగ్గరేనట, తన దగ్గర, పెద్దాయన దగ్గర. ఓనరు నిలబెట్టి అడిగితే, మా ఇంట్లో నా ఫోను ముట్టుకునేవాళ్లు లేరని తూనీగ మీద ఒట్టేసిందట. ఇక మిగిలింది పెద్దాయనే. ఆయన్ను రేపు వచ్చి సామాను తీసుకుపొమ్మన్నారట.

"పన్నెండేళ్లు పక్కన కూచోబెట్టుకుని పని నేర్పిన మనిషే. ఎందుకు చేశాడంటావే?" అంది పిన్ని.

తూనీగ తాను పంపిన మెసేజి తీసి చూపించింది.

పిన్ని కొట్టలేదు, తిట్టలేదు. ఫోను తిరిగి తూనీగ చేతిలో పెట్టింది.

"వాళ్లు నవ్వుతుంటే నువ్వూ నవ్వావా?"

తూనీగ తల వంచుకుంది. "నవ్వాను పిన్నీ."

పొద్దున్నే ఇద్దరూ స్టూడియోకు వెళ్లారు. స్పాంజి అతికించిన గదిలో పెద్దాయన తన హెడ్‌ఫోన్లు సంచిలో సర్దుకుంటున్నాడు. ఓనరును కూడా పిలిచి, తూనీగ ఉన్నదున్నట్టు చెప్పింది. ఎంతమందికి పంపావని పెద్దాయన అడిగాడు.

"ఒక్కదానికే తాతయ్యా."

"అంతేనమ్మా. ఎవరైనా ఒక్కళ్లకే పంపుతారు" అన్నాడాయన.

ఓనరు పెద్దాయనను ఉండమన్నాడు. తల్లి పాత్రకు మాత్రం ఇంకొకరి చేత చెప్పిస్తానన్నాడు, మొదటి నుంచీ. పిన్ని పెద్దాయన చేతులు పట్టుకుని, మిమ్మల్ని అనుమానించాను అని మాత్రం అంది. మైకు దగ్గరున్న తన నీళ్ల సీసా, కళ్లజోడు తెచ్చి చేతిసంచిలో వేసుకుంది. తూనీగ సంచి అందుకోబోతే ఇవ్వలేదు. తనే భుజాన వేసుకుని, బస్టాపు దాకా నాలుగడుగులు ముందే నడిచింది.